ఎడమచేతి ఆకురాయి

ఆదివారం రైమో హౌతల భూతద్దం చేత్తో పట్టుకుని పనిబల్ల ముందు అలాగే కూర్చుండిపోయాడు. వైస్‌లో బిగించిన పాత సైనిక రైఫిలు మీద నుంచి గురి చూసే దుర్భిణిని పట్టి ఉంచే ఇనప దిమ్మను ఊడదీశాడు. దాని కింద తుపాకి నంబరు ఉండాలి. నంబరు లేదు. ఉండాల్సిన చోట ఎవరో చదునుగా అరగదీసిన గీతలున్నాయి. కుడిచేతివాటం మనిషి ఆకురాయితో రాస్తే గీతలు ఒక వైపు వాలుతాయి. ఇవి రెండో వైపు వాలాయి. ఆ చుట్టుపక్కల ఎడమచేత్తో ఆకురాయి పట్టే తుపాకి మేస్త్రీ నలభై ఏళ్లుగా ఒక్కడే. వాడు రైమోనే.

ఆ రైఫిలు సంగతి మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. పూర్వం కొస్కెన్‌పెరా ఊళ్లో పౌరదళం ఉండేది. 1939 చలికాలంలో రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు దళంలోని వాళ్లు ఎవరి రైఫిలు వాళ్లు భుజాన వేసుకుని సరిహద్దుకు పోయారు. యుద్ధాలు ముగిశాక దళం రద్దయింది. మిగిలిన రైఫిళ్లు దుప్పుల వేటకు పనికొచ్చాయి. జనం వాటి గొట్టాలు పొట్టి చేశారు, ముందు చెక్క కోసిపారేశారు, పిడికి మెరుగునూనె దట్టించారు. బ్యాంకు మేనేజరుగా చేసి దిగిపోయిన టోర్స్తి కోర్పేలా ఇప్పుడు వాటిని ఊరూరా వెతికి పట్టుకొచ్చి పాత దళం హాల్లో ప్రదర్శనకు పెడుతున్నాడు. ఏది ఏ రైఫిలో గుర్తుపట్టి, కోసినదాన్ని అతికించి, సాధ్యమైనంత మేరకు పాత రూపానికి తేవడం రైమో పని. ఇది పదకొండోది. పక్క ఊళ్లో ఒక ముసలి వేటగాడు పోతే వాళ్ల సామాన్ల వేలంలో దొరికింది.

ఇక ఆ ఊరి ముసలావిడ హెల్వి సంగతి. ఆవిడ అన్నయ్య పేరు విల్హో. ఇరవై ఏళ్లవాడు 1940 జనవరిలో గడ్డకట్టిన సరస్సు మీద కనిపించకుండా పోయాడు. రైఫిలు మంచు మీద పారేసి శత్రువు వైపు పరిగెత్తాడని, తన కళ్లతో చూశానని, ప్లటూను నాయకుడు రాసిచ్చాడు. ఆ నాయకుడు ఆర్మస్ కోర్పేలా, మన టోర్స్తి తండ్రి. ఆ ఒక్క వాక్యం వల్ల చర్చి ముంగిట వీరుల రాతి మీద విల్హో పేరు చెక్కలేదు. అరవై ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు కొత్త రాయి వేస్తున్నారు. ఏయే పేర్లు ఎక్కాలో రేపు గురువారం చర్చి సంఘం తేలుస్తుంది. మంచు మీద పారేశాడన్న ఆ రైఫిలు ఇటువైపు ఒడ్డున ఎక్కడ దొరికినా ఆర్మస్ రాసిన మాట అబద్ధమవుతుంది. అందుకే రైమో బల్ల మీదికి వచ్చిన ప్రతి తుపాకి నంబరూ హెల్వికి కావాలి.

బుధవారం పదకొండింటికి ఊతబండి నెట్టుకుంటూ ఆవిడ వచ్చింది. బండి బుట్టలో థర్మాసు, గుడ్డలో చుట్టిన ఏలకుల బన్నులు. దుప్పుల వేట మొదలై రెండు వారాలైంది. దుకాణం నిండా వేటగాళ్ల తుపాకులే. ప్రతి వాడికీ శనివారంలోగా కావాలి, ప్రతి వాడూ ఏడాదంతా అటక మీద పడేసి తీరా వేట మొదలయ్యాక పట్టుకొస్తాడు. రైమో మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. ఉదయం నుంచి ముగ్గురి మీద విసుక్కున్నాడు. ఆవిడ బండి చప్పుడు వినగానే లేచి, తలుపుకు దుకాణం మూసిన బోర్డు తగిలించి, గడియ పెట్టాడు.

"నంబరు దొరికిందా అబ్బాయ్?" అంది హెల్వి, ఇంకా కోటు విప్పకుండానే.

యాభై ఏడేళ్ల మనిషిని అబ్బాయ్ అనడం ఆ ఊళ్లో ఆవిడ ఒక్కతికే చెల్లింది.

రైమో నంబరు మాట ఎత్తలేదు. చెక్క గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ముందు చెక్క కోసిన చోట పాత బర్చ్ ముక్క ఒకటి దొరికిందని, రెండిటికీ పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దిగేలా అతికించానని, అవిసెనూనెలో కాస్త తారు కలిపి నాలుగు పూతలు వేస్తే రంగు కలిసిపోయిందని చెప్పాడు. హెల్వి కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించింది. కాఫీ రెండు కప్పుల్లో పోసింది. అతను చెప్పేదంతా అయ్యేదాకా ఆగింది.

"చెక్క సంగతి నేనడగలేదు" అంది.

"అరగదీశారు హెల్వమ్మా. నంబరు లేదు."

"ఎవరు?"

"నేను."

ఆవిడ చేతిలో బన్ను ఉంది. కొరికిన ముక్క నమిలి మింగింది. ఆ తర్వాత, ఎలా తెలుసు అని అడిగింది. రైమో ఒక ఇనప ముక్క తీసుకుని, సగం తన చేతివాటాన రాశాడు. మిగతా సగం ఆకురాయి చేయి మార్చి రాశాడు. భూతద్దం ఆవిడకిచ్చి మొదట ఇనప ముక్క చూపించాడు, తర్వాత రైఫిలు చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసింది. ఎనభై రెండేళ్ల కళ్లు తడబడ్డాయి కానీ తప్పు చూడలేదు.

"ఎడమచేతి దద్దమ్మ" అంది చివరికి, తిట్టులా కాకుండా ఒక లెక్క తేలినట్టు. "మీ పంతులమ్మ నీ చెయ్యి కట్టేసి కుడిచేత్తో రాయించాలని చూసిందిట కదా. మీ అమ్మ చెప్పేది."

"చూసింది. అందుకే పద్నాలుగో ఏట బడి మానేశాను."

"ఆవిడ గెలిచి ఉంటే ఇవాళ నాకిది తెలిసేది కాదు."

రైమో నవ్వలేదు. బడి తొందరగా మానేసినవాడికి కాగితం అంటే ఒక భయం ఉంటుంది. చదువుకున్నవాడు రాసిన ఒక్క వాక్యం ఒక ఇంటిని అరవై ఎనిమిదేళ్లు తల దించుకునేలా చేస్తుందని హెల్వి వాళ్లింటిని చూస్తూ పెరిగినవాడికి తెలుసు. తను మాత్రం వాక్యాలు రాసేవాడు కాడని, ఇనుముతో పనిచేసేవాడని, ఇనుముతో ఎవరికీ అపకారం చేయలేదని ఇన్నాళ్లూ లోపల ఒక గర్వం పెట్టుకుని బతికాడు. పెళ్లాం సేయా వదిలేసి పోయినప్పుడు కూడా ఆ గర్వాన్ని మాత్రం పట్టుకెళ్లలేదు. మూడు రోజుల కింద ఆ గీతలు చూశాక అదీ పోయింది.

గుర్తుందా అని హెల్వి అడిగింది. మొదటి రెండు రోజులూ గుర్తుకు రాలేదన్నాడు. మూడో రోజు వచ్చింది. 1975. నవంబరు. పనిచేసేది రౌహలా గారి దుకాణంలో. తనకు ఇరవై నాలుగేళ్లు, అప్పుడే పెళ్లయింది. ఒక పెద్దమనిషి రైఫిలు పట్టుకొచ్చి దుర్భిణి బిగించమన్నాడు. దిమ్మ ఎక్కడ పెట్టాలో కూడా, సరిగ్గా నంబరు మీద, ఆయనే వేలు పెట్టి చూపించాడు. అది తప్పు చోటు. రెండు వేళ్లు వెనక్కి పెడితేనే కంటికి సరిగ్గా ఆనుతుంది, పని తెలిసిన ఎవడైనా చెబుతాడు. రైమో చెప్పాడు కూడా. ఆ పెద్దమనిషి వినిపించుకోలేదు. కోటు విప్పలేదు, కూర్చోలేదు. నంబరు మీద ఆకురాయి నడుస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూశాడు.

"అయిపోయాక ఒక్క మాట అడిగాడు" అన్నాడు రైమో. "ఇక దీన్ని ఎవరైనా చదవగలరా అని. ఎవరూ చదవలేరు సార్ అన్నాను. అబద్ధమెందుకు, గొప్పగానే అన్నాను. అద్దంలా చదును చేశాను కదా అని."

"ఎవరు?"

రైమో భూతద్దం ఆవిడ చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"ఆర్మస్ కోర్పేలా."

హెల్వి కళ్లజోడు తీసి మెడగుడ్డ కొసతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ తీసింది. తర్వాత మాట్లాడింది, అతనితో కాదు, కాఫీ కప్పుతో.

"ఆయన సమాధి దగ్గర నేను పాట పాడాను. చర్చి బృందంలో మూడో వరస. బాగా పాడావమ్మా అని వాళ్లావిడ నా చెయ్యి పట్టుకుంది. నేనూ ఏడ్చాను."

రైమో ఆవిడను అక్కడే ఆపాలనుకున్నాడు. ఆశ పెట్టి తర్వాత లాక్కోవడం కంటే ముందే చెప్పడం నయం. ఆర్మస్‌కూ సొంత రైఫిలు ఉండేది. దళానికి కొత్త రైఫిళ్లు వచ్చినప్పుడు విల్హోకూ ఆర్మస్‌కూ ఒకే పెట్టెలోంచి ఇచ్చారు. విల్హోది 41763. ఆర్మస్‌ది 41768. దళం రద్దయ్యాక అనుమతి లేని తుపాకులు ఇళ్లల్లో దాచుకున్నవాళ్లు వందలమంది, వాళ్లలో సగంమంది భయపడి నంబర్లు గీకేశారు. ఆయన గీకించుకున్నది ఆయన సొంత తుపాకే అయివుండొచ్చు. అలాగైతే అందులో విల్హోకు పట్టేదేమీ లేదు. రేపటి సంఘంలో టోర్స్తి మొదటి మాట అదే అంటాడని చెప్పాడు.

"సరే" అంది హెల్వి. "చదువు అయితే."

"లేదన్నాను కదమ్మా."

"నాకు చెవుడు లేదు. పోలీసులు చదువుతారుట కదా, టీవీలో చూశాను. నీకు రాదా?"

వచ్చు. దాన్ని తప్పించుకోవడానికే మూడు రోజులుగా చెక్కకు నూనె పూస్తూ కూర్చున్నాడు. అంకె అచ్చు ఉక్కు మీద పడ్డప్పుడు పైనున్న లోహం ఒక్కటే నొక్కుకుపోదు, దాని కిందిదీ నలుగుతుంది. పైది అరగదీసినా కింద నలిగిన చోటును ఆమ్లం మిగతాదానికంటే వేగంగా తింటుంది. బాగా మెరుగుపెట్టి ఆమ్లం అద్దితే అంకెలు నీడల్లా లేచి, కాసేపుండి, పోతాయి. రెండోసారి అద్దితే అప్పటికే కొంత తినేసి ఉంటుంది కాబట్టి అంత స్పష్టంగా రావు. మరీ లోతుగా అరగదీసి ఉంటే మొదటిసారికే ఏమీ రావు. అంత లోతుగా తను రాశాడో లేదో తనకే తెలియదు.

"ఒక్క అవకాశమే" అన్నాడు.

"నాకింకా ఎన్ని ఉన్నాయనుకున్నావు?"

గంట పట్టింది. గరుకు కాగితం, తర్వాత సన్నది, తర్వాత ఇంకా సన్నది, చివర నూనెగుడ్డ. హెల్వి కూర్చుని చూసింది. రైమో కిటికీ తెరిచి, తొడుగులు వేసుకుని, పుల్లకు చుట్టిన దూదిని ఆకుపచ్చటి ఆమ్లంలో ముంచి, ఒక కొస నుంచి నెమ్మదిగా అద్దుకుంటూ పోయాడు. ఘాటుకు ఇద్దరి కళ్లూ నీళ్లు కారాయి. ఉక్కు బూడిదరంగుకు తిరిగింది. చాలాసేపు అంతే.

ముందు నాలుగు లేచింది. తర్వాత ఒకటి. ఏడు మసగ్గా వచ్చింది కానీ ఏడే. ఆరు వచ్చింది.

చివరి అంకెలో కుడి సగమే లేచింది. పైన ఒక వంపు, కింద ఒక వంపు. ఎడమ సగం ఉండాల్సిన చోట ఒక గాడి అడ్డంగా దిగి ఉంది. ఆ రోజు ఒక్కసారి ఆకురాయి అంచు జారి ఉక్కును తవ్వింది. తర్వాత ఆ గాడి కనబడకుండా చుట్టూ చదును చేసి, మేస్త్రీ రౌహలాకు తెలియనివ్వలేదు. ఆ సంగతి కూడా రైమోకు ఇప్పుడే గుర్తుకొచ్చింది.

"మూడు" అంది హెల్వి.

"ఎనిమిదికైనా కుడి పక్క ఇలాగే ఉంటుందమ్మా."

"మూడు, రైమో."

అతను భూతద్దం ఆవిడకిచ్చాడు. ఆవిడ తీసుకోలేదు. బల్ల వెనక గోడకు ఉన్న అర వైపు చూసింది. రౌహలా దగ్గర నుంచి వచ్చిన ఉక్కు అచ్చులు అక్కడ చెక్కపెట్టెలో ఉన్నాయి, సున్నా నుంచి తొమ్మిది దాకా. అవేమిటో ఆవిడకు తెలుసు.

"పాత రూపానికి తేవడమే కదా నీ పని. అయితే తే. అయిదు అంకెలూ కొట్టు. చివర మూడు కొట్టు."

రైమోకు కోపం రాలేదు, అలసట వచ్చింది. ఇంతకుముందు పది తుపాకులు బాగుచేశానని, ఒక్కదాని మీద కూడా అంకె కొట్టలేదని చెప్పాడు. కొత్త చెక్క అతికిస్తాను, కొత్త గొట్టం ముక్క అతికిస్తాను, దగ్గరగా చూసినవాడికి అది అతుకని తెలిసేలాగే అతికిస్తాను, నంబరు మాత్రం ముట్టనన్నాడు. అంకె కొట్టిన రోజున అది పాత తుపాకి కాకుండా పోతుందన్నాడు.

"డెబ్బై అయిదులో ముట్టావుగా."

రైమో చేతి తొడుగులు ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరికీ చదవరాకుండా చేసిపెట్టమంటే చేసిపెట్టావు. కోర్పేలా వారు అడిగారు కాబట్టి. నేనడిగితే నీకు నీతి గుర్తొచ్చింది." గొంతు పెంచలేదు. "మా అమ్మ చచ్చిపోయేదాకా చర్చికి పక్క దారిన పోయింది అబ్బాయ్. ముంగిట్లో ఆ రాయి ఉందని. ఎముకలు కొరికే చలిలో కూడా చుట్టూ తిరిగి పోయేది. రేపు పన్నెండుమంది కూర్చుని, రుజువు ఉందా అంటారు. నేనేం చూపించను? సగం అంకెనా?"

రైమో లేచి అరలోంచి పెట్టె దించాడు. ఎందుకు దించాడో అతనికే స్పష్టంగా లేదు. మూత తీశాడు. అచ్చులు వరుసగా, నూనె పట్టి, నల్లగా ఉన్నాయి. మూడో నంబరు అచ్చు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. చిటికెన వేలంత లేదు, బరువుగా ఉంది. ఒక్క దెబ్బ చాలు. తన చేత్తో పోయింది తన చేత్తోనే వస్తుంది. ఎవడు పట్టుకుంటాడు? ఈ జిల్లాలో పట్టుకోగలిగినవాడు తనొక్కడే.

"ఇది మూడు కాకపోతే?" అన్నాడు. "నిజంగా ఎనిమిదే అయితే? అప్పుడు మీ అన్న పేరు ఆ రాతి మీద నా అబద్ధంతో ఎక్కినట్టు. మీకు ఫర్వాలేదా?"

ఫర్వాలేదని ఆవిడ అనలేకపోయింది. ఆవిడ మొహం చూడలేక రైమో అచ్చును పెట్టెలో పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే తలుపు మీద ఎవరో వేలి కణుపులతో కొట్టారు, మూసిన బోర్డు తమకు వర్తించదనే మనిషి కొట్టినట్టు. రైమో గడియ తీశాడు. టోర్స్తి కోర్పేలా. డెబ్బై ఏళ్ల మనిషి, నిటారుగా ఉంటాడు, ఏ ఇంటికి వెళ్లినా గుమ్మంలో బూట్లు రెండుసార్లు తుడుచుకుంటాడు. హెల్విని చూసి టోపీ తీశాడు. రేపటి సంఘంలో మీ అర్జీ మూడోసారి చదవాల్సిందేనమ్మా, నాకేం విరోధం లేదు కానీ రుజువు లేనిదే నేను ఓటు వేయలేను అని, తలుపు దగ్గరే, మర్యాదగానే అన్నాడు. తండ్రి రాసిన మాటను ఆ మనిషి నిజంగా నమ్మాడు. అతనిలో రైమోకు అన్నిటికంటే చిరాకు కలిగించేది అదే.

తర్వాత గాలి పీల్చి, ఏమిటీ వాసన అన్నాడు. బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఓహో. నంబరు లేపావా? ఎంత వచ్చింది?"

దాచడానికి టైము లేదు. దాచాలన్న ఓపికా లేదు. నాలుగు అంకెలు వచ్చాయని, అయిదోది సగమే వచ్చిందని, అది మూడైనా కావచ్చు ఎనిమిదైనా కావచ్చని రైమో చెప్పాడు. టోర్స్తి భూతద్దం అందుకుని వంగాడు.

"నాలుగు, ఒకటి, ఏడు, ఆరు. మా నాన్నదీ ఈ పెట్టెలోదే."

"అవును టోర్స్తి గారూ" అన్నాడు రైమో. "ఎనిమిదైతే ఇది మీ నాన్నగారిదే."

టోర్స్తి నవ్వాడు. ఏ శంకా లేని మనిషి నవ్వు.

"ఎలా అవుతుందయ్యా. మా నాన్నది మా ఇంట్లో ఉంది. పొయ్యి పైన, గోడకి." గొంతు తగ్గించాడు, శుభవార్త చెబుతున్నట్టు. "స్వాతంత్ర్య దినం నాడు ఆఖరి ముక్కగా హాలుకు ఇద్దామని ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఎవడూ కొయ్యలేదు, గీకలేదు. నంబరు నాణెం మీద బొమ్మలా ఉంది. నేను అంకెలు నేర్చుకుందే దాని మీద వేలు పెట్టి. నలభై ఒక వేల ఏడు వందల అరవై ఎనిమిది. ఇది ఎనిమిది కాదు, వదిలెయ్."

కిటికీలోంచి వచ్చే గాలికి ఆమ్లం ఆరుతోంది. ఉక్కు మీద ఏడు అప్పటికే పోయింది.

టోర్స్తి కోటు జేబులోంచి పెన్సిలు తీశాడు. ప్రతి తుపాకికీ ట్రిగ్గరు దగ్గర కట్టే అట్టముక్క మీద నంబరు తనే రాయడం అలవాటు. నలభై ఏళ్లు బ్యాంకులో రాసిన చేయి, ముత్యాల్లాంటి అక్షరాలు. నాలుగు రాశాడు. ఒకటి రాశాడు. ఏడు, ఆరు. మూడు రాశాడు.

రాసి చూసుకున్నాడు. పెన్సిలు అట్ట మీదే ఉండిపోయింది. ఆ అంకెలు అతను ఇంతకుముందు చూశాడు, మూడుసార్లు చూశాడు. హెల్వి అర్జీలో మొదటి వరుసలో ఉంటాయి.

తల ఎత్తి హెల్వి వైపు చూడలేదు. హెల్వి రెండు చేతులూ ఊతబండి పిడి మీద పెట్టుకుని నిలబడి ఉంది. లేచి నిలబడింది ఎప్పుడో రైమో గమనించలేదు.

"ఇది సరస్సులో ఉండాలి" అన్నాడు టోర్స్తి, చాలా నెమ్మదిగా. తర్వాత దుర్భిణి దిమ్మ ఉండిన చోటును, దాని కింది గీతలను వేలితో తడిమాడు. ఆమ్లం ఇంకా పూర్తిగా ఆరలేదు. వేలు మండి ఉంటుంది. తీయలేదు. గీతలు ఎటు వాలాయో చూసి, రైమో ఎడమచేతి వైపు చూశాడు.

"దీన్ని నీ దగ్గరికి తెచ్చి అరగదీయించింది ఎవరు, రైమో?"